వస్తువులు ఇరవై, పాట ఒకటి: ఆన్‌లైన్ వేలం నోటీసుల్లో కనిపించని షరతులు

సంపాదకులు గారికి,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఈ-వేలం కొత్త కాదు. ఒంగోలు, కొండపి, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల్లో ఒక్కో బేలు ఒక్కో ధర పలకడం, ఎవరూ అడగని బేలు ‘నోబిడ్’ అయి వెనక్కి రావడం రైతు కుటుంబాల్లో అందరికీ తెలుసు. అక్కడ బేలు బేలుకూ విడిగా పాట జరగడం సబబే. ఆకు రంగు, మందం, తేమ ఏ రెండు బేళ్లలోనూ ఒకేలా ఉండవు కాబట్టి ధర కూడా ఒకేలా ఉండదు.

ఆ పద్ధతికి అలవాటుపడ్డ మనవాళ్లు ఇప్పుడు వేరే రకం వేలాల్లోకి దిగుతున్నారు. ఒకే రకం వస్తువులు పదో ఇరవయ్యో ఒకే నోటీసు కింద ఆన్‌లైన్‌లో పాటకు వస్తున్నాయి. రొయ్యల చెరువుల నీటికి గాలి అందించే ఏరియేటర్లు, ఆఫీసులు తీసేసిన కంప్యూటర్లు, నీళ్ల మోటార్లు, ప్లాస్టిక్ క్రేట్లు ఇలా అమ్మడానికి అనువైన సరుకులు. వీటికి పాట పెట్టే పద్ధతి వేరు, గెలుపు లెక్క వేరు, చిక్కులు కూడా వేరు. వేలం నోటీసుల్లో తేదీ, ధరావతు (ముందుగా కట్టే డిపాజిట్), ఫోన్ నంబరు ఉంటాయి. సరిపడా సరుకు లేనప్పుడు ఎవరికి ఎన్ని దక్కుతాయి, గెలిచినవాళ్లు ఎంత కట్టాలి అన్నవి మాత్రం చాలా నోటీసుల్లో కనపడవు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. వేలం పత్రాలు తయారుచేసే పనిలో ఉన్నవాళ్లంగా, అమ్మేవాళ్లకూ పాటదారులకూ ఉపయోగపడుతుందని ఆ లెక్కను వివరంగా రాస్తున్నాం.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు హార్స్‌పవర్ ప్యాడిల్ వీల్ ఏరియేటర్లు 20 అమ్మకానికి ఉన్నాయి. ప్రారంభ ధర ఒక్కోదానికి రూ.6,000. విడవలూరు రైతు 8 కావాలని ఒక్కోదానికి రూ.9,200 పాడారు. ఇందుకూరుపేట రైతు 5 కావాలని రూ.8,700 పాడారు. చిల్లకూరు రైతు ఉదయమే 4 కావాలని రూ.8,000 పెట్టారు. కావలి వ్యాపారి సాయంత్రం 10 కావాలని అదే రూ.8,000 పెట్టారు. సింగరాయకొండ మెకానిక్ 6 కావాలని రూ.7,400 పెట్టారు. మొత్తం అడిగినవి 33, ఉన్నవి 20.

పై ధర నుంచి కిందికి పంచుకుంటూ వస్తారు. విడవలూరుకు 8, ఇందుకూరుపేటకు 5 పోగా మిగిలినవి 7. ఆ ఏడు రూ.8,000 పాడిన ఇద్దరిలో ఎవరివి? ధర సమానమైతే ముందు పాడినవాళ్లకు ప్రాధాన్యం అనే నియమం ఉంటే చిల్లకూరుకు 4, కావలికి 3. ధర సమానమైతే ఎక్కువ సంఖ్య అడిగినవాళ్లకు ప్రాధాన్యం, అదీ సమానమైతేనే సమయం చూస్తాం అనే నియమం ఉంటే కావలికి 7, చిల్లకూరుకు సున్నా. ఆన్‌లైన్ వేలాల తొలినాళ్ల నుంచీ ఈ రెండు పద్ధతులూ నడిచాయి, రెండూ న్యాయమైనవే. ఏది పాటిస్తారో ముందు చెప్పకపోవడమే అన్యాయం. పొద్దున్నే పాట పెట్టి నిశ్చింతగా చెరువు మీదికి వెళ్లిపోయిన రైతుకు రాత్రి చూస్తే ఒక్కటీ దక్కకపోతే మోసం జరిగిందనే అనుకుంటాడు. అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు.

ఇక డబ్బు సంగతి. ‘ఎవరి పాట వారికే’ పద్ధతిలో విడవలూరు రైతు రూ.73,600, ఇందుకూరుపేట రైతు రూ.43,500, మిగతా ఏడింటికి రూ.56,000, మొత్తం రూ.1,73,100 వస్తుంది. ‘అందరికీ ఒకే ధర’ పద్ధతిలో గెలిచిన పాటల్లో అన్నిటికంటే తక్కువదే కటాఫ్. ఇక్కడ అది రూ.8,000. రూ.9,200 పాడినవారు కూడా రూ.8,000 చొప్పునే కడతారు. మొత్తం రూ.1,60,000.

ఈ రెండు మొత్తాలు చూసి, ఒకే ధర పద్ధతిలో అమ్మేవాళ్లు రూ.13,100 నష్టపోయారని చాలామంది తేల్చేస్తారు. ఆ లెక్క సరికాదు. పాడినంతా కట్టాలని తెలిస్తే విడవలూరు రైతు రూ.9,200 పాడనే పాడరు. కటాఫ్ ఎక్కడ ఆగుతుందో అంచనా వేసుకుని రూ.8,100 దగ్గర ఆగుతారు. పద్ధతి మారితే పాటలే మారిపోతాయి. రిజర్వు బ్యాంకు ప్రభుత్వ బాండ్ల వేలాల్లో రెండు పద్ధతులనూ వాడింది. 2021 జులైలో కొన్ని ముఖ్యమైన కాలపరిమితుల బాండ్లకు ఒకే ధర పద్ధతి పెట్టింది. 2004లో గూగుల్ తన షేర్లను తొలిసారి జనానికి అమ్మినప్పుడు వేలం పెట్టి, గెలిచిన వాళ్లందరికీ ఒకే ధర, 85 డాలర్లు ఖరారు చేసింది. మన దేశంలో కంపెనీలు తొలిసారి షేర్లు అమ్మే ఐపీఓల్లో చిన్న మదుపరులు ‘కటాఫ్’ అని టిక్ పెట్టడం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

మన జిల్లాల్లో జరిగే చిన్న వేలాలకు ఒకే ధర పద్ధతే మేలని మా అభిప్రాయం. మార్కెట్ అంచనా తెలియని రైతు కూడా తనకు గిట్టుబాటయ్యే ధర ధైర్యంగా పాడగలడు. ఎక్కువ పాడి నష్టపోతానన్న భయం ఉండదు. పక్క ఊరివాడు అదే వస్తువుకు తనకన్నా తక్కువ కట్టాడన్న బాధా ఉండదు. ఎవరి పాట వారికే పద్ధతిలో, రోజూ సరుకు కొనే వ్యాపారి అంచనా సరిగ్గా కుదురుతుంది. ఏడాదికోసారి కొనే రైతే ఎక్కువ కట్టి పోతాడు.

అయితే ఒకే ధర పద్ధతిలో ఒక పెద్ద లొసుగుంది. అడిగినన్ని దక్కకపోతే వద్దనే హక్కు. ఇది పాటదారుకు ఉండాల్సిన హక్కే. పది ఏరియేటర్లు వేయాల్సిన చెరువుకు మూడు తీసుకుని ఏం చేసుకుంటారు? కానీ పై ఉదాహరణలో కావలి వ్యాపారి ఫలితం వచ్చాక ‘నాకు పూర్తిగా పది రాలేదు, వద్దు’ అన్నారనుకోండి. ఏ నియమం పాటించినా ఖాళీ అయినవి కిందికి జారి, చివరి మూడు సింగరాయకొండ మెకానిక్‌కు రూ.7,400కు వెళ్తాయి. కటాఫ్ రూ.7,400 అయింది కాబట్టి ఇరవైకీ అదే ధర. అమ్మేవాళ్లకు వచ్చేది రూ.1,48,000. ఒక్కరు తప్పుకున్నందుకు రూ.12,000 పోయింది. మిగతావాళ్లకు తెలిసిన మనిషి ఒకరు పెద్ద సంఖ్యలో పాడి, చివర్లో తప్పుకుని, అందరికీ ధర తగ్గించే ఎత్తుగడకు ఇదే దారి.

దీనికి విరుగుడు సులువు. పాట పెట్టే ఫారంలోనే ‘కనీసం ఎన్ని ఇస్తే తీసుకుంటారు’ అనే గడి ఉండాలి. అందులో 10 అని రాస్తే, పది దొరకని పక్షంలో ఆ పాటను సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడే పక్కన పెడుతుంది. తెర మీద కటాఫ్ రూ.7,400 అని అందరికీ కనపడుతుంది. సమయం ఇంకా ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు పెంచుతారు. వేలం ముగిశాక మాత్రం ఎవరు తప్పుకున్నా మిగతావాళ్ల కటాఫ్ మారదని నోటీసులో రాయాలి. తప్పుకున్నవారి ధరావతు పోతుంది. ఆ సరుకును తర్వాతివాళ్లకు అదే కటాఫ్‌కు ఇవ్వజూపాలి, వాళ్లూ వద్దంటే మళ్లీ పాట పెట్టాలి.

ఆన్‌లైన్ వేలాల సైటు ఈబే తన ‘ఒకేసారి అనేక వస్తువుల’ వేలాలను 2009లో ఎత్తేసింది గానీ, అందులో ఒక మంచి నియమం ఉండేది. ఒకసారి పెట్టిన పాటను మార్చాలంటే ధరను సంఖ్యతో గుణిస్తే వచ్చే మొత్తం మునుపటికంటే పెరగాలి. 8 ఏరియేటర్లకు రూ.9,200 పాడినవారి మొత్తం రూ.73,600. వారు 6 ఏరియేటర్లకు రూ.10,000 అని మార్చుకోలేరు, మొత్తం రూ.60,000కు పడిపోతుంది. దీనివల్ల పెద్ద సంఖ్య చూపించి ఇతరులను బెదరగొట్టి, చివరి నిమిషంలో సంఖ్య కోసేసే పని కుదరదు. మన దగ్గర వేలం సాఫ్ట్‌వేర్ తీసుకునే సంస్థలు ఈ నియమం ఉందో లేదో అడగాలి.

సిండికేట్ గురించి మాట్లాడకుండా వేలం గురించి మాట్లాడలేం. ఒకే వస్తువు పాటలో సిండికేట్ కావాలంటే నలుగురూ కూడబలుక్కోవాలి. అనేక వస్తువుల పాటలో ఆ అవసరం కూడా ఉండదు. ఇరవై ఏరియేటర్లకు ఇద్దరే పెద్ద వ్యాపారులు వచ్చారు, ఇద్దరికీ పన్నెండేసి కావాలి. పన్నెండేసి అడిగితే మొత్తం 24, పోటీ పడి ధర రూ.8,000 దాటుతుంది. ఇద్దరూ పదేసి అడిగితే పోటీయే లేదు, ప్రారంభ ధర రూ.6,000కే ఇరవై అమ్ముడైపోతాయి. ఫోన్ చేసుకోకుండానే ఇద్దరికీ ఈ సంగతి తడుతుంది. కూడబలుక్కుని చేస్తే 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద జరిమానాకు దారి ఉంది, మాటామంతీ లేకుండా చేస్తే పట్టుకోవడం చాలా కష్టం. అందుకని అమ్మేవాళ్లు చేయగలిగింది ముందే చేయాలి. ప్రారంభ ధరను తుక్కు ధర దగ్గర కాకుండా, ఇంతకు తక్కువైతే అమ్మం అనుకునే ధర దగ్గర పెట్టాలి. ఒక్కో పాటదారు మొత్తంలో నాలుగో వంతుకు మించి అడగకూడదని పరిమితి పెట్టాలి. అప్పుడు ఇరవై అమ్ముడవాలంటే కనీసం నలుగురు రావాల్సిందే, ఐదోవాళ్లు వస్తే ధర కదులుతుంది. ఈ పరిమితి ఒకే మనిషి రెండు మూడు ఖాతాలతో దాటేయకుండా పాన్ నంబరుతో ఖాతాలను సరిపోల్చాలి.

అమ్మేవాళ్ల వైపు నుంచి జరిగే మోసం కూడా చెప్పాలి. ఉదాహరణలో అమ్మేవారి మనిషి 7 కావాలని రూ.8,600 పాడితే, 8, 5, 7 కలిపి ఇరవై పూర్తవుతాయి, కటాఫ్ రూ.8,600కు ఎక్కుతుంది. నిజమైన కొనుగోలుదారులు పదమూడింటికి రూ.1,04,000 బదులు రూ.1,11,800 కడతారు. మిగిలిన ఏడూ అమ్మేవారి షెడ్డులోనే ఉంటాయి. కొన్ని రోజులకు అవే ఏడు మళ్లీ పాటకు వస్తాయి. పాటదారులు పాత నోటీసుల ఫొటోలు దాచుకుని నేమ్‌ప్లేట్ మీది సీరియల్ నంబర్లు సరిచూసుకుంటే ఇది పట్టుబడుతుంది. ఫలితం వచ్చాక పాటలన్నీ, ఓడినవి కూడా, పాటదారు నంబరు, ధర, కావాల్సినవి, సమయం, దక్కినవి అనే ఐదు గడులతో పట్టికగా పెట్టే వేలాన్నే నమ్మాలి. ‘ఖరారైంది’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునే వేలంలో లెక్క సరిచూసుకునే మార్గం ఉండదు.

ఒకే ధర అంటే సరుకూ ఒకేలా ఉండాలి. ఇరవై ఏరియేటర్లలో ఆరింటికి మోటారు వైండింగ్ కాలిపోయి ఉంటే అవి ఆ లాటులో ఉండకూడదు. కలిపి పెడితే ఆ ఆరు తనకే వస్తాయేమోనన్న భయంతో ప్రతి పాటదారూ ఇరవైకీ తక్కువ పాడతాడు. ఆరింటిని దాచబోయి మిగతా పద్నాలుగింటి ధర కూడా పోగొట్టుకోవడమే అది. ఉప్పునీటి చెరువుల్లో పనిచేసిన ఏరియేటర్లకు చూడాల్సినవి ఇవి: మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపే మోటారును పక్కన పెట్టాలి. గేర్‌బాక్స్ సీలు దగ్గర ఆయిల్ కారుతోందా, షాఫ్ట్ తుప్పు పట్టిందా, ఫ్లోట్లు పగిలాయా, ప్యాడిళ్లు అన్నీ ఉన్నాయా చూసి, బాగున్నవి ఒక లాటు, మోటారు పోయినవి ఒక లాటు, తుక్కు ఒక లాటుగా విడదీయాలి. ఒక్కో యంత్రానికీ నంబరు రాసి, నేమ్‌ప్లేట్ కనపడేలా ఫొటో పెట్టాలి. ‘ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే’ అన్న షరతు రాసినంత మాత్రాన చూపించే బాధ్యత పోదు. పాటకు ముందు కనీసం రెండు రోజులు సరుకు చూసుకోనివ్వాలి. గెలిచినవాళ్లలో ఎవరు ఏ నంబరు యంత్రం తీసుకెళ్తారన్నది కూడా ముందే తేల్చాలి. డబ్బు ముందు కట్టినవారు ఏరుకుంటారా, నంబరు వరసలో ఇస్తారా? ఇది రాయకపోతే సరుకు ఎత్తే రోజు లారీల దగ్గర తగాదా తప్పదు.

ఎక్కువమంది నష్టపోయే చోటు ఇంకొకటుంది, ధర రాసే గడి. ఒక్కోదాని ధర అడిగితే మొత్తం ధర రాసేస్తారు. ఐదు ఏరియేటర్లకు ఒక్కోటి రూ.8,000 అనుకున్నవారు గడిలో 40,000 అని కొడితే, వారి పాట రూ.2,00,000 అయిపోతుంది. ఒకే ధర పద్ధతిలో కటాఫ్ తక్కువే కాబట్టి ఒక్కోసారి బయటపడతారు, ఎవరి పాట వారికే పద్ధతిలో ధరావతు వదులుకోవాల్సిందే. తుక్కు వేలాల్లో ఇంకో చిక్కు, ధర టన్నుకా కిలోకా అన్నది. పాట ఖాయం చేసే ముందు ‘5 ఏరియేటర్లు, ఒక్కోటి ఎనిమిది వేల రూపాయలు, మొత్తం నలభై వేల రూపాయలు’ అని తెలుగు అక్షరాల్లో చూపించి, సరేనా అని అడిగే తెర ఉంటే ఈ పొరపాట్లు చాలావరకు ఆగిపోతాయి. జీఎస్టీ, టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) ధరలో కలిసి ఉన్నాయా, అదనమా అన్నదీ అక్కడే చూపాలి. 18 శాతం పన్ను ఉన్న సరుకైతే రూ.8,000 కాస్తా రూ.9,440 అవుతుంది. ఈ లెక్క పాటకు ముందు వేసుకోవాలి, చలానా వచ్చాక కాదు.

ధరావతు అందరికీ ఒకే మొత్తంగా పెట్టడం కూడా సరికాదు. రెండు అడిగేవారికీ ఇరవై అడిగేవారికీ రూ.10,000 అంటే చిన్నవాళ్లకు భారం, పెద్దవాళ్లకు లెక్కలేనితనం. ఒక్కో వస్తువుకు ఇంత అని పెట్టాలి. ఒక్కోదానికి రూ.800 అనుకుంటే, పది అడిగేవారు రూ.8,000 కట్టాకే పదింటికి పాడగలరు.

పాటదారులకు కొన్ని మాటలు. ఒకే ధర పద్ధతిలో ఒకటో రెండో కావాల్సినవాళ్లు తమకు గిట్టే ధర ఒకేసారి పాడి ఊరుకోవచ్చు, గంటకోసారి పెంచాల్సిన పని లేదు. ఎక్కువ కావాల్సినవాళ్లు, సైటు ఒప్పుకుంటే, పాటను విడగొట్టాలి. తప్పనిసరిగా కావాల్సిన నాలుగింటికి రూ.9,000, వస్తే మంచిదే అనుకునే మరో నాలుగింటికి రూ.7,800 అని రెండు పాటలు పెట్టుకోవచ్చు. సైటులో మీ తరఫున ధర తనంతట తానే పెంచే ఏర్పాటు ఒక్క వస్తువు వేలాల్లో ఉన్నట్టు ఇక్కడా ఉంటుందని అనుకోవద్దు, ఈబేలో కూడా అనేక వస్తువుల పాటకు అది ఉండేది కాదు. ముగింపు సమయం ఖచ్చితమా, చివరి నిమిషాల్లో పాట వస్తే పొడిగిస్తారా అన్నది చూసుకోవాలి. పొడిగింపు లేని వేలంలో చివరి నిమిషం కోసం ఆగితే, చెరువు గట్టు మీద సిగ్నల్ ఊడిపోయిందంటే అంతే సంగతులు. లెక్కలోకి వచ్చేది సర్వర్ గడియారం, మీ ఫోన్ గడియారం కాదు.

వేర్వేరు వస్తువులు అనేకం ఒకే రోజు పాటకు వస్తే, ఉదాహరణకు ఒక కాంప్లెక్సులో పన్నెండు దుకాణాల అద్దె హక్కు, అప్పుడు చిక్కు వేరుగా ఉంటుంది. ఒక దుకాణానికే డబ్బున్నవారు రెండింటికి పాడితే రెండూ మీద పడవచ్చు. మధ్య గోడ తీసి పక్కపక్క రెండూ కలుపుకుందామనుకున్నవారికి ఒక్కటే దక్కవచ్చు. ఒకదాని తర్వాత ఒకటి ముగించే పద్ధతిలో, మొదటి దుకాణం వదిలేయాలా వద్దా అన్నది చీకట్లో తేల్చుకోవాల్సి వస్తుంది. అన్నిటినీ ఒకేసారి తెరిచి, ఏ దుకాణానికీ కొత్త పాట రాని రౌండు వచ్చేదాకా అన్నిటినీ తెరిచే ఉంచితే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది. ఒకటి ఖరీదైతే ఇంకోదానికి మారవచ్చు. మన దేశంలో 2010లో 3జీ స్పెక్ట్రమ్‌ను ఇలాగే అమ్మారు. 34 రోజులు, 183 రౌండ్లు నడిచింది. 1994లో అమెరికా స్పెక్ట్రమ్ వేలాలకు ఈ పద్ధతిని రూపొందించడంలో పాలుపంచుకున్న పాల్ మిల్‌గ్రామ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. పన్నెండు దుకాణాలకు అన్ని రోజులు అక్కర్లేదు, అరగంటకో రౌండు చొప్పున ఒక పూటలో తేలిపోతుంది. మొదటి రౌండ్లలో ఊరికే చూస్తూ కూర్చుని చివర్లో దిగేవారిని ఆపడానికి, ప్రతి రౌండులోనూ పాట వేయనివారికి తర్వాతి రౌండ్లలో అర్హత తగ్గించే నియమం మాత్రం తప్పనిసరిగా ఉండాలి.

ఆన్‌లైన్ వేలం పెట్టే సహకార సంఘాలు, పురపాలక సంఘాలు, ప్రైవేటు సంస్థలు తమ నోటీసులో పైన చెప్పినట్టు ఐదుగురు పాటదారుల నమూనా లెక్క ఒకటి తెలుగులో వేయాలని కోరుతున్నాం. అర పేజీ కూడా పట్టదు. ధర ఒక్కోదానికా మొత్తానికా, కట్టేది పాడినదా కటాఫా, సమాన పాటల్లో ఎవరు ముందు, అడిగినన్ని రాకపోతే వద్దనవచ్చా అన్న నాలుగింటికీ ఆ లెక్కలోనే జవాబు దొరుకుతుంది. అటువంటి లెక్క లేని నోటీసు కనపడితే పాటదారులు ధరావతు కట్టకముందే ఈ నాలుగు ప్రశ్నలు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట తగాదా వచ్చినప్పుడు అక్కరకు రాదు.

ఇట్లు,
ఈ-వేలం పత్రాల పనిలో ఉన్న మిత్రులం,
కావలి, నెల్లూరు జిల్లా